మంగళవారం పెట్టిన పదకొండు టిక్కులు

నా పేరు, ఇంటి చిరునామా మీరు పైన రాసుకున్నారు. ఫ్యాక్టరీలో మాత్రం అందరూ నన్ను స్టోరక్క అనే పిలుస్తారు. వయసు నలభై మూడు. అట్టపెట్టెల ఫ్యాక్టరీలో పదహారేళ్లుగా స్టోర్‌కీపర్‌గా పనిచేస్తున్నాను. చదవడం, రాయడం వచ్చు. నా అంతట నేనే వచ్చాను. నన్ను ఎవరూ పంపలేదు, ఎవరూ బెదిరించలేదు.

గత నెల 20వ తేదీన కోత యంత్రంలో చిక్కుకుని చనిపోయిన ఆపరేటరు మా మరిది, మా చెల్లెలి భర్త. ఆ కేసులో మీరు అరెస్టు చేసిన మనిషి మా ఫిట్టర్. కొత్త స్విచ్ తీసుకుని కూడా అతను యంత్రానికి బిగించలేదని మీరు కేసు రాశారు. ఆ స్విచ్ అతనికి అందలేదు. అది నాకెలా తెలుసో మొదటి నుంచి చెబుతాను.

మూడేళ్ల కిందటి వరకు ఎవరికి ఏ సామాను కావాలన్నా చీటీ రాసి నాకిచ్చేవారు. నేను ఆఫీసుకు పంపేదాన్ని. తరువాత కొనుగోళ్ల సాఫ్ట్‌వేర్ వచ్చింది. ఆఫీసు నుంచి ఒకావిడ వచ్చి క్యాంటీన్‌లో తెర కట్టి రెండు గంటలు చూపించింది. "ఇకమీదట ఎవరికి కావాల్సింది వాళ్లే అడగొచ్చు. ఫోన్లో బట్టలు కొనుక్కున్నంత ఈజీ" అంది. వెనక వరసలోంచి మా మరిది, "బట్టలు మా ఆవిడే కొంటుంది మేడమ్, నా సైజు కూడా ఆవిడకే తెలుసు" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

మా విభాగంలో కంప్యూటర్లు రెండే. ఒకటి సూపర్‌వైజర్ గదిలో, ఇంకొకటి నా స్టోర్‌లో. గ్రీజు చేతులతో కీబోర్డు ముట్టుకుంటే నేనే ఊరుకునేదాన్ని కాదు. వారం తిరక్కుండానే పదకొండు మంది తమ పాస్‌వర్డులు నాకు చెప్పేశారు. వాటిని ఒక అట్టముక్క మీద వరసగా రాసి బీరువా తలుపు లోపలి వైపు అంటించాను. మరిదిది నాలుగో వరస. ఫిట్టర్‌ది ఆరో వరస. అతని పాస్‌వర్డు వాళ్ల పాప పేరు, పక్కన ఒకటి రెండు మూడు. ఎవరి పని వారిదే అని పేరు, చాకిరీ అంతా నాది. అలా చేయకూడదని నాకు తెలుసు. సూపర్‌వైజర్‌కూ తెలుసు.

ఆ సాఫ్ట్‌వేర్‌లో ఒక నియమం ఉంది. గేటు దగ్గరో స్టోర్‌లోనో సామాను చేతికి వచ్చాక, అడిగిన మనిషి 'అందింది' అన్న చోట టిక్కు పెట్టాలి. రావాల్సిన తేదీ దాటి మూడు రోజులైనా టిక్కు పడకపోతే ఆ వరస ఎర్రబడుతుంది. ఎర్ర వరసలు పది దాటితే విభాగం మొత్తానికి కొత్త రిక్వెస్టులు ఆగిపోతాయి. బ్లేడ్లు అడగాలన్నా కుదరదు, చేతులు తుడుచుకునే గుడ్డలు అడగాలన్నా కుదరదు. సామానేమో ఏనాడూ చెప్పిన తేదీకి వచ్చిన పాపాన పోలేదు. కొనుగోళ్ల ఆఫీసర్ ప్రతి నెలా ఫోన్ చేసి, "మీ దగ్గరే ఎరుపు ఎక్కువమ్మా, పైవాళ్లు నా ప్రాణం తీస్తున్నారు" అనేవారు.

అందుకని ప్రతి మంగళవారం పొద్దున నేను అట్టముక్క చూసుకుంటూ, ఒక్కొక్కరి పేరుతో లోపలికి వెళ్లి, ఎర్రబడినవాటికీ ఎర్రబడబోతున్నవాటికీ 'అందింది' అని టిక్కు పెట్టేసేదాన్ని. సామాను వచ్చిందా లేదా అని చూసేదాన్ని కాదు. దాన్ని మేం మంగళవారం ఊడ్పు అనేవాళ్లం. "ఊడ్చేశావా అక్కా" అని అడిగేవారు. ఊడ్చేశానని చెప్పేదాన్ని. సామాను రెండు మూడు రోజులు అటూ ఇటూగా వచ్చేది. మూడేళ్లలో ఒక్కటి కూడా రాకుండా పోలేదు.

గత నెల 3వ తేదీ సోమవారం ఉదయం 9:40కి ఫిట్టర్ స్టోర్‌కు వచ్చాడు. కోత యంత్రానికి పక్కన ఇనప తలుపు ఉంటుంది. తలుపు తెరిస్తే యంత్రం దానంతటదే ఆగాలి. ఆపేది ఒక చిన్న స్విచ్, అగ్గిపెట్టె అంత ఉంటుంది. అది కాలిపోయిందని చెప్పాడు. కొత్తది వచ్చేదాకా యంత్రం ఆపుదామంటే సూపర్‌వైజర్ ఒప్పుకోలేదట. స్విచ్ బదులు వైరు ముక్క కలిపి నడిపించమన్నాడట. ఫిట్టర్ అలాగే కలిపి, తలుపు తీసేముందు మెయిన్ ఆపమని అట్ట మీద రాసి వేలాడదీశాడు. ఆ అట్టకు దారం నా దగ్గరే తీసుకున్నాడు. అతని పేరు మీద స్విచ్ రిక్వెస్ట్ నేనే పెట్టాను. 6వ తేదీ గురువారం వస్తుందని తెర మీద పడింది.

7వ తేదీ శుక్రవారం అతను వచ్చి అడిగాడు. రాలేదన్నాను. 11వ తేదీ మంగళవారం నేను ఊడ్చాను.

13వ తేదీ గురువారం మధ్యాహ్నం భోజనాల తరువాత మళ్లీ వచ్చాడు. "అక్కా, ఆ స్విచ్ సంగతేమైంది" అన్నాడు. నేను తెర చూశాను. 11వ తేదీ, అందింది, పక్కన అతని పేరు.

"వచ్చేసిందిగదయ్యా. నువ్వే తీసుకున్నట్టు ఉంది" అన్నాను.

"నాకెవరూ ఇవ్వలేదక్కా."

"మరి దెయ్యం పట్టుకెళ్లిందా. గేటు దగ్గర తీసుకుని ఎక్కడో పడేసి ఉంటావు. పోయినసారి బేరింగు కూడా రాలేదు రాలేదని గోల చేశావు, చివరికి నీ సంచిలోనే దొరికింది" అన్నాను.

అతను తల గోక్కుంటూ వెళ్లిపోయాడు. ఆ టిక్కు నేనే పెట్టానన్న సంగతి నాకు తట్టలేదు. మీరు నమ్మినా నమ్మకపోయినా అదే నిజం. వారం వారం చేసే పని, కళ్లు తెర మీద ఉంటాయి, మనసు ఇంకెక్కడో ఉంటుంది. నేనే రాసి, దాన్ని నేనే నమ్మాను.

ఆ రోజూ మర్నాడూ అతను తన గదంతా వెతికాడు. పాత బోల్టుల డబ్బాలు కూడా కుమ్మరించి చూశాడు. 17వ తేదీ సోమవారం వచ్చి, మళ్లీ కొత్తది అడగమన్నాడు. అడిగితే సాఫ్ట్‌వేర్ ఒప్పుకోలేదు. ఇదే వస్తువు ఈ నెలలో మీకు అందింది, మళ్లీ ఎందుకు కావాలో సంజాయిషీ రాసి పైవాళ్ల అనుమతి తీసుకోండి అని వచ్చింది. "పోగొట్టానని రాస్తే నన్ను పీక్కుతింటారక్కా. ఇంకో రెండు రోజులు చూస్తాను, దొరక్కపోతే రాద్దాం" అన్నాడు. సరే అన్నాను.

20వ తేదీ గురువారం ఉదయం 8:50కి మా మరిది వచ్చాడు. చేతి తొడుగులు బొటనవేలి దగ్గర చిరిగాయని చూపించాడు. స్టోర్‌లో పెద్ద సైజు అయిపోయింది. అతని పేరు మీద రిక్వెస్ట్ పెట్టాను. "గ్లోవ్స్‌కి కూడా కంప్యూటర్‌కి దండం పెట్టాలా వదినా" అన్నాడు. "పెట్టు, పోయేదేముంది" అన్నాను. అతను నిజంగానే తెరకు దండం పెట్టి వెళ్లాడు.

కోత యంత్రం చప్పుడు గోడ ఇవతల నా స్టోర్‌లోకి వినిపిస్తుంది. 11:40కి అరుపు వినిపించింది. యంత్రం ఆగలేదు. అట్ట షీటు ఇరుక్కుంటే తీయడానికి మరిది తలుపు తెరిచాడట. తలుపు తెరిస్తే ఆగాలి. ఎవరో పరుగెత్తి మెయిన్ ఆపేలోపు అది ఇంకా నాలుగుసార్లు కొట్టుకుంది. నాలుగుసార్లు. నేను తలుపు దాకా వెళ్లేసరికి జనం అడ్డంగా నిలబడి ఉన్నారు. మధ్యాహ్నం 2:15కి ఆసుపత్రిలో పోయాడు. చెల్లెలికి నేనే వెళ్లి చెప్పాను. చెబుతుంటే ఆమె నా వెనక్కి చూసింది, ఇంకెవరైనా వస్తున్నారేమోనని.

22వ తేదీ శనివారం మీవాళ్లు వచ్చారు. సూపర్‌వైజర్ తెర చూపించాడు. స్విచ్ 11వ తేదీన అందింది, ఫిట్టర్ పేరు ఉంది. అతన్ని తీసుకెళ్తూ నా స్టోర్ ముందు నుంచే నడిపించారు. అతను ఒక్క క్షణం ఆగాడు. "నేనే ఎక్కడో పెట్టి మరిచిపోయినట్టున్నానక్కా" అన్నాడు. ఏడుస్తున్నాడు.

చెల్లెలు ఇప్పుడు మా ఇంట్లోనే ఉంటోంది. స్విచ్ అమ్ముకున్నాడక్కా వాడు అంటుంది. వాడి ఇల్లు నాశనమైపోవాలి అంటుంది. అన్నం కలుపుతూ అంటుంది, దుప్పటి దులుపుతూ అంటుంది. అన్నప్పుడల్లా నేను తల ఊపాను.

20వ తేదీ తరువాత నేను ఊడ్చలేదు. 25వ తేదీన మరిది అడిగిన చేతి తొడుగులు వచ్చాయి. 27వ తేదీ గురువారం ఉదయం 11 గంటలకు కొనుగోళ్ల ఆఫీసర్ ఫోన్ చేశారు. "మీ బాధ నాకు తెలుసమ్మా. కానీ ఎరుపు పదమూడుకెళ్లింది, మీకు బ్లేడ్లు ఆగిపోయాయి. కాస్త చూడండి" అన్నారు. కంప్యూటర్ ముందు కూర్చున్నాను. మొదటి మూడు పేర్లూ పూర్తి చేశాను. నాలుగోది మరిది. మీరు అడిగిన చేతి తొడుగులు అందాయా అని తెర అడిగింది. ఆ జత నా బల్ల మీదే ఉంది, కవరు విప్పలేదు. మూడేళ్లలో నేను టిక్కు పెట్టలేకపోయింది అదొక్కటే.

అక్కడి నుంచి ముందుకు వెళ్లలేక, పాత టిక్కులు చూపించే పేజీ తెరిచాను. ఎందుకు తెరిచానో చెప్పలేను. మరిది అంతకుముందు ఏమేం అడిగాడో చూద్దామనిపించింది. అక్కడ 11వ తేదీ కనిపించింది. 10:03 నుంచి 10:21 వరకు పదకొండు పేర్లు, పదకొండు టిక్కులు, అన్నీ నా కంప్యూటర్ నుంచే. పేర్ల వరస నా అట్టముక్క మీది వరసే. ఆరోది ఫిట్టర్, 10:12. ఆ సమయంలో అతను కప్పు మీద ఫ్యాను బాగుచేస్తున్నాడు. నిచ్చెన 9:55కి తీసుకుని 11:30కి తిరిగి ఇచ్చినట్టు నా రిజిస్టర్‌లో అతని సంతకం ఉంది.

అప్పుడే స్విచ్‌లు అమ్మేవాళ్లకు ఫోన్ చేశాను. వాళ్ల దగ్గర ఆ రకం స్విచ్ అయిపోయిందట, 12వ తేదీన తెప్పించి పంపుదామనుకున్నారట. 11వ తేదీన అందిందని మా సాఫ్ట్‌వేర్ నుంచి కబురు వెళ్లేసరికి, తమ మనిషే ఎవరో పంపేశారనుకుని ఆర్డర్ మూసేశారు. అది వాళ్ల షాపులోంచి కదలనే లేదు. కదలని దాని కోసం అతను బోల్టుల డబ్బాలు కుమ్మరించాడు.

28వ తేదీ శుక్రవారం ఆఫీసుకు వెళ్లి కొనుగోళ్ల ఆఫీసర్‌కు చెప్పాను. ఆయన లేచి వెళ్లి గది తలుపు వేశారు. "చూడమ్మా. పోయినవాడు ఎలాగూ రాడు. నువ్వు నోరు విప్పితే నీతో పాటు అందరి మెడకూ చుట్టుకుంటుంది. కంప్యూటర్‌లో అతని పేరే ఉంది. నీకూ ఒక ఇల్లుంది" అన్నారు. తాగమని మంచినీళ్లు ఇచ్చారు. తాగి వచ్చేశాను.

ఆ 27 నుంచి నేటి వరకు వారం రోజులు నేను మీ దగ్గరికి రాలేదు. ఎందుకని మీరు అడిగారు. ఉద్యోగం పోతుందని భయపడ్డాను. అంతకంటే చెల్లెలి మొహం చూడాలంటే భయపడ్డాను. మా అమ్మ పోయినప్పుడు దానికి తొమ్మిదేళ్లు. నేనే పెంచాను. ఆ మాటకొస్తే ఆ సంబంధం చూసింది కూడా నేనే, అతనికి ఫ్యాక్టరీలో పని ఇప్పించింది కూడా నేనే.

ఇవాళ ఉదయం స్టేషన్‌కు వెళ్తున్నానంటే చెల్లెలు తోడు వచ్చింది. ఫిట్టర్ మీద చెప్పడానికి వస్తున్నాననుకుంది. మెట్ల దగ్గర నా చెయ్యి పట్టుకుని, "గట్టిగా చెప్పక్కా. ఏదీ వదలొద్దక్కా" అంది. సరే అన్నాను.

అట్టముక్క, నిచ్చెన రిజిస్టర్, 11వ తేదీ టిక్కుల పేజీ మీకు అప్పగిస్తున్నాను. వైరు కలపమన్నది ఎవరు, కలిపింది ఎవరు అన్నది మీరు తేల్చుకోండి. టిక్కు పెట్టింది మాత్రం నేను. ఫిట్టర్ దేన్నీ మరిచిపోలేదు. ఈ మాట ఇవాళే అతనికి చెప్పించండి. మరిచిపోయానని అతన్ని నమ్మించింది నేనే.

ఇందులో ఉన్నదంతా నేను చెప్పిందే. నాకు తెలిసి ఇందులో అబద్ధం లేదు, దాచింది కూడా లేదు. దీన్ని చదివి వినిపించేటప్పుడు, బయట కూర్చున్న మా చెల్లెల్ని లోపలికి పిలవమని అడుగుతున్నాను. విడిగా ఆమెకు చెప్పగలిగే శక్తి నాకు లేదు.

రాసుకున్న అధికారి గమనిక: పై వాంగ్మూలాన్ని ఈ నెల 4వ తేదీ గురువారం మధ్యాహ్నం 12:35కి, సాక్షి కోరిక మేరకు ఆమె చెల్లెలి ఎదుట చదివి వినిపించాను. చదవడానికి పద్దెనిమిది నిమిషాలు పట్టింది. చెల్లెలు చివరి దాకా కూర్చుని విన్నారు. సాక్షి పెన్ను తీసుకుని చెల్లెలి వైపు చూశారు. చెల్లెలు "సంతకం పెట్టు" అన్నారు. సాక్షి సంతకం చేశారు. ఆమె లేచేసరికి చెల్లెలు గదిలో లేరు.