అద్దాల కాంచళి

(ఖమ్మంల ఒక దవాఖానా వరండా. లోపల డిగ్రీ చదివే పుష్పలతకు సెలైన్ ఎక్కుతున్నది. బయట ఆమె తల్లి ద్వాలి, హాస్టల్ రూమ్మేట్ లిఖిత.)

“ఒక్కపొద్దా? ఇంకేం ఒక్కపొద్దు బిడ్డా? తీజ్ పండుగ మొలకల గంపలు చెరువుల కలిపి నెల దాటిపాయె!”

“మా బోనకల్‌ల తీజ్ చెయ్యరు గదా ఆంటీ... ‘మా తండా ఆడపిల్లలు ఉప్పు కారం ముట్టరు’ అని పుష్పలత అన్నది. నేను వార్డెన్ మేడంకు గదే చెప్పిన.”

“రోజూ?”

“రోజూ.”

“నేను ఫోన్ చేస్తే తిన్నది, పన్నది అంటివి.”

“చెప్పమని బతిమాలింది ఆంటీ.”

“మరి దాని ప్లేటు?”

“నేనే... ఒక్కోసారి నేనే తిన్న.”

“అయ్యో, గట్లెట్ల నమ్మినవే దాన్ని?”

“నమ్మలే ఆంటీ. తెలిసే చెప్పిన. అద్దం ముంగట నిలబడి జబ్బలు పిసుక్కునేది. ‘బర్రె లెక్క ఉన్న’ అని ఏడ్సేది. తప్పు నాదే. కొట్టాల్నంటే కొట్టుండ్రి.”

“నా బిడ్డను బర్రె అన్నదెవరు? కాలేజీ పోరగాళ్లా?”

“వాళ్లు కాదు.”

“మరెవరు? చెప్పవేందే!”

“మీ కాంచళి ఆంటీ.”

“నా... కాంచళా?”

“అవ్. గా అద్దాల రవికనే. కాలేజీల ట్రెడిషనల్ డేకు ఏస్కుందామని, తీజ్‌కు ఇంటికొచ్చినప్పుడు తొడిగి చూసిందట గదా. మోచేయి కాడనే ఆగిందట. ‘నీ వయసుల నాకు వదులుండె’ అని మీరు నవ్విండ్రట.”

“నవ్విన... ఉత్తగనే నవ్విన బిడ్డా.”

“గా దినం నుంచే ఆంటీ. ‘అమ్మకు వదులైంది నాకు పట్టదా’ అని ఒక్కటే పాట. హాస్టల్‌కు తెచ్చుకొని రోజూ తీసి తొడుక్కునుడే. ఇయ్యాల పొద్దున మోచేయి దాటిందని సంబరపడ్డది. గాడనే కండ్లు తిరిగి పడ్డది.”

“నా నోరు కాలిపోను... ఆగు, నేను లోపలికి పోత.”

“తిట్టకుండ్రి ఆంటీ. మీకు తెలిస్తే సచ్చిపోతా అన్నది.”

“తిట్టను. నిజం చెప్త.”

“ఏం నిజం?”

“దాని వయసుల పెండ్లైందని అబద్ధమాడిన. సర్కారోళ్లు కేసు పెడ్తరని మా అయ్య అందరికి గట్లనే చెప్పిండు, నేనూ గదే అలవాటు చేసుకున్న. కన్నబిడ్డకు సుత చెప్పలే, సిగ్గై.”

“అంటే... గా కాంచళి?”

“నా పెండ్లికి కుట్టింది బిడ్డా. అప్పటికి నేనింక పెద్దమనిషే కాలే.”