పదేళ్ల ఎండ, ఒక్క పూట పాలిష్

నా వీడ్కోలు సభకు అధ్యక్షత వహిస్తున్న మేనేజరు ప్రిడో గారికి, ఈ జెరాల్డ్‌టన్ సముద్రతీరపు ఎండలో నాతోపాటు మాడిన పెద్దలకు, మిత్రులకు, "తొందరగా ముగించు" అని ముందు వరుసలోంచి కళ్లతోనే చెబుతున్న మా ఆవిడ మెర్ల్‌కు నమస్కారం.

ముప్పై ఒక్కేళ్లు నేను చేసిన పని ఏమిటంటే, రంగు వేసిన ఇనుప రేకుల్ని మనకు ఎండ కాసే ఉత్తరం వైపు వాల్చి ఎండలో పెట్టడం, ఏడాదికోసారి అరచేత్తో రాసి చూడటం. చేతికి తెల్లటి పొడి అంటిందంటే ఆ రంగు పని అయిపోయినట్టే. ఎవరింటికెళ్లినా గోడ రాసి చెయ్యి ప్యాంటుకు తుడుచుకుంటానని మెర్ల్ నాతో పెళ్లిళ్లకు రావడం మానేసింది. (నవ్వులు)

నేను మాటిమాటికీ కిటికీలోంచి చూడటం గమనించే ఉంటారు. మనసు మనసులో లేదు, చెప్పేస్తాను. ఉత్తరాన కట్టబోయే బడి గోడలకు అప్పట్లో కొత్తగా వచ్చిన చవక రంగు పనికొస్తుందో లేదో తేల్చే రేకులకు ఇవాళ్టితో పదేళ్లు నిండాయి. పొద్దున్న చివరి పరీక్షకు వెళ్లేసరికి అవన్నీ తళతళా మెరుస్తున్నాయి. పక్కనే మన ఆఫీసు పనులు చూసే కేలీన్, చేతిలో కారు పాలిష్ డబ్బా.

"ఏంటి నెవిల్, అలా గుడ్లప్పగించి చూస్తున్నావ్? ఆఖరి రోజున మీ ఆవిడ ఆ మురికి చూస్తే నీ పరువేం కాను!"

"ఆ మురికే నా పని, తల్లీ. పొడి తుడిచేస్తే ఇక రాసి చూసేదేముంది?"

"అయ్యో, ముందే చెప్పొచ్చుగా!" అని ఏడ్చేసింది. నిజమే, చెప్పలేదు. తప్పు నాదే.

ఇందాక ప్రిడో గారు, "ఎండకు బదులు దీపాలు కాసే పెట్టెలో రెండు వేల గంటలు నిలిచింది కదా, సంతకం పెట్టేసి హాయిగా వెళ్లవయ్యా" అన్నారు. అయ్యా, ఆ పెట్టెలో ఉప్పుగాలి ఏదీ? ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆ పెట్టెనే నమ్మి ఒక ఆసుపత్రికి సంతకం పెట్టాను. నాలుగేళ్లకే రంగు పొడై రాలి, గోడల నిండా తుప్పు కారింది. సిగ్గుతో ఇప్పటికీ ఆ వీధికి వెళ్లను.

అందుకే సంతకం పెట్టలేదు. పుస్తకంలో "పరీక్ష చెడింది" అని రాశాను. బడికి మాత్రం ఇదే పెరట్లో పదిహేనేళ్లు నిలిచిన పాత లేత రంగే వేయమన్నాను. కోపం వస్తే రానివ్వండి.

మధ్యాహ్నం నేనూ కేలీనూ కలిసి కొత్త రేకులు ఎక్కించాం. వాటికి పదేళ్లు నిండేసరికి నాకు డెబ్బై ఆరు. నేనుంటే నేను చూస్తాను, లేకపోతే కేలీన్ చూస్తుంది, మీరెవరూ తుడవకండి. ఇన్నాళ్లూ నన్ను భరించారు, మీకు నా కృతజ్ఞతలు. ఇంకా రెండు రేకులకు మరలు బిగించాలి, పొద్దు వాలిపోతోంది. సెలవు.