‘ఏటి?’ కింద జయరాజు గారి సంతకం

సార్ సతీమణి దయమ్మ గారూ, షాలిమార్, టికియాపారా రైలు యార్డుల నుంచి వచ్చిన పెద్దలారా, డాక్టరు మిత్రులారా!

డ్యూటీలు మార్చుకుని, ఫెర్రీలో నది దాటి ఇంతమంది వచ్చారు. డాక్టర్ జయరాజు గారు మాత్రం లేరు. మంగళవారం నుంచి ఈ ఒక్క వాక్యం పలకడం నేర్చుకుంటున్నాను. ఇంకా రాలేదు.

ఆయన చెవి, ముక్కు, గొంతు వైద్యులు. మాలాంటి డాక్టర్లకు పరిశోధన నేర్పడమే ఆయన అసలు పని. ఎందుకు నేర్పారు?

1981లో, గూడ్స్ యార్డులో రేకులు కొట్టే గవరయ్య తాతకు వినికిడి పరీక్ష పెట్టారు. చెవిలో మాట పడగానే దానికి తగిన బొమ్మ చూపాలి. తాత ఏదో ఒక బొమ్మ మీద వేలు పెట్టి, “ఏటి? ఏటి బాబూ?” అన్నాడు. వినబడక ‘ఏమిటి’ అని అడిగాడు! పరీక్ష చేసిన బెంగాలీ డాక్టరుకు అది తన భాషలోని ‘ఎటి’లా వినిపించింది. అంటే ‘ఇది’ అని. చూపింది సరైన బొమ్మో కాదో చూడకుండా, “ప్రతి మాటకూ ‘ఎటి’ అని బొమ్మ చూపుతున్నాడు, చెవి బాగుంది” అని రాశాడు. తాత మరో ఆరేళ్లు ఆ మోతలోనే పనిచేశాడు. ఉన్న కాస్త వినికిడీ పోయింది.

ఆ కాగితాన్ని జయరాజు గారు మొదటి పాఠంగా మాకు చూపేవారు. “రాసింది అతను. సంతకం నాది. తెలుగువాణ్ణయి ఉండి, చదవకుండా పెట్టాను” అనేవారు. ఎంతమంది గురువులు తమ తప్పును పాఠంగా చెబుతారు?

నన్ను ఒకరోజంతా యార్డులో నిలబెట్టి, విన్నది రాయమన్నారు. “ఉక్కు సముద్రం ఘోషించింది” అని మురిసిపోతూ రాశాను. దాన్ని కొట్టేసి పక్కన రాశారు: “ఎంత దూరంలో? ఎన్ని గంటలు?”

పంతొమ్మిది మందికి నేర్పారు. ఈరోజు పరిశోధనలో ఉన్నవారెవరు? చివరి విద్యార్థిని, నేనొక్కదాన్ని. నా పరిశోధనకూ వచ్చే నెలతో గడువు తీరుతుంది. ఆయన స్థానంలో ఎవరినీ వేయరట. యార్డులో ఒకసారి చెవులు పరీక్షించిన మూడు వందల మందికి, పదేళ్ల తర్వాత చేయాల్సిన రెండో పరీక్ష ఇక జరగదు. మోత ఎవరి చెవిని ఎంత తినేసిందో ఎవరికీ తెలియదు.

ఆఖరి రోజున ఆయన అడిగారు, “రెండో పరీక్ష ఎప్పుడమ్మా?” అని. “వచ్చే నెల సార్” అన్నాను. అబద్ధం చెప్పాను. ఇలాంటి సభలో ఆశ ఉందని చెప్పడం మర్యాద. కానీ మీకు కూడా అబద్ధం చెప్పలేను.

లేవండి, రెండు నిమిషాలు మౌనంగా నిలబడదాం. యార్డు నుంచి వచ్చిన పెద్దల్లో చాలామందికి నా మాట వినబడలేదు. పక్కనున్నవారు దయచేసి వారి భుజం తాకండి.