తుమ్మిన నక్షత్రం

"అలా కాదక్కా. అలా గొణిగితే మొదటి వాక్యానికే టీ తాగడానికి లేచిపోతారు. మళ్ళీ చెప్పు."

చిన్న టెలిస్కోపు గది. పగటిపూట కాబట్టి పైకప్పు మూసి ఉంది. కాసేపట్లో ఈ టెలిస్కోపు సంగతి తేల్చే కమిటీ ముందు తప్పు ఒప్పుకోవాలని అక్క స్టూలు మీద కూర్చుని ప్రాక్టీసు చేస్తోంది. చెల్లెలు ఛైర్మన్ వేషం కడుతూనే అట్టపెట్టెల్లోకి వైర్లు సర్దుతోంది. మనం నోరు మూసుకుని విందాం.

"ఏం చెప్పనే బుల్లీ? జరిగింది జరిగినట్టే చెబుతున్నాగా."

"జరిగింది జరిగినట్టు చెబితే ఎవరికర్థమవుతుంది? వాళ్ళలో సగంమంది అకౌంట్లు చూసేవాళ్ళు. నేనే ఛైర్మన్ననుకో. ఊఁ... 'ఏమ్మా, అసలు మీరు వెతికేదేమిటి?'"

"ఆ గొంతేమిటే!"

"ఆయన గొంతు అలాగే ఉంటుంది. కానియ్."

"అయ్యా, ఎక్కడో చాలా దూరాన ఒక పెద్ద నక్షత్రం కూలిపోతుంది. కూలేటప్పుడు గామా కిరణాల మెరుపొకటి పుడుతుంది. ఇలా వచ్చి అలా పోతుంది. మన కంటికి ఆనదు. పైన తిరిగే ఉపగ్రహం పట్టుకుని, 'ఇదిగో, ఈ వైపు' అని ప్రపంచంలోని టెలిస్కోపులన్నిటికీ కబురు పెడుతుంది."

"బాగుంది. 'మెరుపు పోయాక ఇంకేం చూస్తారమ్మా?'"

"పొయ్యి ఆర్పేశాక కూడా పెనం వేడిగా ఉంటుంది కదండీ, అలాగ. మెరుపు పోయినా దాని వెనక కాంతి మిగులుతుంది. ఆఫ్టర్‌గ్లో అంటాం. ఎక్స్-రేల్లో కనిపిస్తుంది, మామూలు వెలుగులో కనిపిస్తుంది, కొన్నాళ్ళు పోయాక రేడియోలో వినిపిస్తుంది. మామూలు వెలుగు గంటల్లో వాడిపోతుంది. అందుకే మాకా ఉరుకులూ పరుగులూ."

"'ఉపగ్రహం చెప్పేసింది కదా, మరి మీ గొప్పేమిటి?'"

"ఉపగ్రహం వీధి చెబుతుందండీ. ఇల్లు మేం వెతుక్కోవాలి. ఆ రోజు ఆ ఇల్లు అందరికంటే ముందు మా చిన్న టెలిస్కోపే... బుల్లీ, ఈ ముక్క చెప్పనా, వద్దా?"

"వద్దు."

"ముందు చూసింది మనమేగా?"

"చూసింది ఏమిటక్కా? చూసింది ఆఫ్టర్‌గ్లో అయితే కదా గొప్ప!"

"అవున్లే. సరే, తర్వాత... తర్వాత మా చెల్లెలు..."

"నా ఊసెందుకు మధ్యలో? పెద్ద టెలిస్కోపు వాళ్ళు అను."

"పెద్ద టెలిస్కోపు వాళ్ళు ఆ వెలుగుని ఇంద్రధనస్సులా విప్పి చూశారు. విప్పి చూస్తే అదేమిటో, ఎంత దూరానిదో, రెండూ తెలిసిపోతాయి. అలా విప్పితే తప్ప తెలియవు. మా దానికంత శక్తి లేదు. విప్పి చూస్తే... అది మన పక్కింటి ఎర్ర నక్షత్రం. అలాంటివి అప్పుడప్పుడూ ఉన్నట్టుండి భగ్గున మండి చల్లారిపోతాయి."

"'అంటే నక్షత్రం తుమ్మిందన్నమాట!'"

"అదిగో, నువ్వూ మొదలెట్టావా?"

"నేను కాదు, ఛైర్మన్."

"ఆ మాట ముందన్నది నువ్వేగా ఫోన్లో. 'అక్కా, నీ నక్షత్రం తుమ్మిందంతే' అని. ఎలా పాకిందో ఏమో, ఇప్పుడందరి నోటా అదే. మొన్న క్యాంటీన్లో నేను టీ తీసుకుంటుంటే వెనకనించి ఎవడో 'హాఛ్' అన్నాడు. ఒకటే కిసకిసలు. తుమ్మక్క అని పేరు కూడా పెట్టారట నాకు."

"పట్టించుకోకు. నవ్వేవాళ్ళు నాలుగు రోజులు నవ్వుతారు, ఊరుకుంటారు."

"నా పరువు పోతే పోయిందే. ఈ చిన్న టెలిస్కోపుని మూసేయకుండా ఉంటే చాలు నాకు. 'తప్పు టెలిస్కోపుది కాదండీ, నాది. తొందరపడి లోకమంతా చాటింది నేను. నన్ను పంపించెయ్యండి, దీన్ని ఉంచండి' అంటాను. ఉంచుతారంటావా?"

"ఉంచుతారు. నీ అంతట నువ్వు తప్పుకుంటే ఉంచుతారు. పెద్దాయన నాతో అన్నారు."

"మీ పెద్ద టెలిస్కోపు డైరెక్టరా? మా చిన్నదాని మీద ఆయనకింత ప్రేమ ఎప్పటినించి?"

"నా కోసం ఒప్పుకున్నారు."

"నువ్వు లేకపోతే ఏమైపోయేదాన్నే! మరి ఈ పెట్టెలెందుకు? ఉంచేదాన్ని సర్దడమెందుకు?"

"దుమ్ము. దుమ్ము పడకుండా. ఆ కెమెరా మూత ఇటియ్యి."

"ఇదిగో. బుల్లీ, ఒక్కటడుగుతాను, విసుక్కోవుగా?"

"అబ్బా, మళ్ళీనా?"

"నేను రెండు ఫోటోలు తీశాను. రెండోదానికి దాని వెలుగు తగ్గింది. ఆ తగ్గడం చూసి నాకు ఒళ్ళు ఝల్లుమంది. ఎర్ర నక్షత్రాలు మండటం నేను చూడనిదా? అవి ఇలా..."

"అక్కా. విప్పి చూసింది నేను. నా మాట నమ్మవా?"

"ఛ, నమ్మకపోవడమేమిటే! నమ్మబట్టే కదా, నువ్వు ఫోన్ పెట్టీ పెట్టగానే 'నాది పొరపాటు, ఎవరూ చూడకండి' అని అందరికీ చెప్పేశాను. నువ్వు కాదన్నాక నా కళ్ళని నేనే నమ్మలేదు. దానివైపు తిరిగిన టెలిస్కోపులన్నీ పక్కకి తిరిగిపోయాయి."

"మంచి పని చేశావు. వాళ్ళ టైమైనా మిగిలింది."

"ఫోన్ మోగుతోంది."

"వదిలెయ్. నువ్వింకా ఆఖరి ముక్క సరిగ్గా చెప్పలేదు."

"చెవులాయనే! రేడియో డిష్‌ల దగ్గర కూర్చుని ఆకాశాన్ని వినే మహానుభావుడు. పాపం, ఎప్పుడో గానీ చెయ్యడు. స్పీకర్లో పెడతానుండు. నమస్కారమండీ!"

"ఏం తల్లీ, కిమ్మనకుండా కూర్చున్నావు? మిఠాయి ఎప్పుడు?"

"దేనికండీ మిఠాయి? తుమ్మినందుకా?"

"తుమ్మడమేమిటి? నువ్వు చూపించిన ఇంటి గురించి చెబుతున్నా. మొదట విన్నాం, చీమ చిటుక్కుమనలేదు. మొన్న విన్నాం, ఏదో గుసగుస. ఇవాళ పొద్దున పెడితే గలగలా మాట్లాడేస్తోంది! రోజురోజుకీ పెరుగుతోందమ్మా."

"మీరు... మీరింకా దాన్నే చూస్తున్నారా? అది పొరపాటని అందరికీ చెప్పానే!"

"ఎప్పుడు?"

"ఆ రోజే!"

"అవన్నీ ఎవరు చదువుతారమ్మా? నీ మొదటి కబురు చూశా, డిష్‌లు తిప్పేశా. నువ్వు చెప్పాక ఇంక చూసుకునేదేముందిలే అనుకున్నా."

"అయితే అది ఎర్ర నక్షత్రం కాదా?"

"ఏ నక్షత్రమైనా తుమ్మి ఇన్నాళ్ళకి ఇలా గొంతు పెంచుతుందా, పిచ్చిదానా? అచ్చమైన ఆఫ్టర్‌గ్లో. ఈ గడ్డం ఇందులోనే నెరిసింది. ఉంటా మరి. మిఠాయి ఎగ్గొట్టకు!"

"బుల్లీ! విన్నావా? విన్నావుటే? నాకు నవ్వొస్తోంది, ఏడుపొస్తోంది. ఏదీ, ఇలా గిల్లు నన్ను. ఏమిటలా కొయ్యబారిపోయావు?"

"ఏం లేదు."

"అయ్యో, నీ మీదకొస్తుందని భయపడుతున్నావా? పిచ్చిమొహమా, నేనుండగా రానిస్తానా? పొరపాటున టెలిస్కోపు పక్కనున్న నక్షత్రం మీద పెట్టుంటావు. ఎంతటివాళ్ళకైనా జరుగుతుంది. మబ్బొచ్చిందని చెబుదాం. నీ పేరు ఎత్తనే ఎత్తను, సరేనా?"

"అక్కా, నువ్వు కాసేపు ఊరుకో."

"ఎందుకూరుకోవాలి? చిన్నది బతికిపోయిందే! చెవులాయనకంత గట్టిగా వినపడిందంటే బాగా దగ్గరలోదే అయ్యుంటుంది. మన ఇరుగు పొరుగు గెలాక్సీల్లో..."

"దగ్గరేమిటక్కా! విశ్వం ఇంకా పసిబిడ్డగా ఉన్నప్పటిది. అంత దూరంనించి వచ్చి రేడియోలో ఇంతలా పలుకుతోందంటే, అసలిలాంటిది ఇంతవరకూ..."

"ఆఁ, చెప్పు. ఇంతవరకూ?"

"ఏం లేదు. మాటవరసకన్నా."

"విశ్వం పసిబిడ్డగా ఉన్నప్పటిదని మాటవరసకి అంటారా ఎవరైనా? ఎలా తెలుసు నీకు?"

"అంచనా."

"దేన్నిబట్టి?"

"నీ ఫోటోల్లో రంగునిబట్టి."

"నేను ఒక్క ఫిల్టరుతోనే తీశాను. అందులో రంగెక్కడిది?"

"పోలీసులా అడక్కక్కా!"

"ఆ వైరు కింద పెట్టు. ఇటు చూడు. ఆ రోజు విప్పి చూస్తే ఏం కనపడింది?"

"చెప్పాగా."

"మళ్ళీ చెప్పు. ఈసారి నేను ఛైర్మన్ని."

"అక్కా..."

"చెప్పవే!"

"ఆఫ్టర్‌గ్లో."

"మరి ఎర్ర నక్షత్రం?"

"అక్కడ ఏ నక్షత్రమూ లేదు."

"నువ్వు పొరపాటు పడలేదూ?"

"లేదు."

"తెలిసే..."

"పెద్దాయన నా పక్కనే ఉన్నారక్కా. తెర మీద దాన్ని చూసి ఆయన కాళ్ళు నేల మీద నిలవలేదు. 'ఇంత గొప్పది జన్మకొకటి దొరుకుతుంది. కానీ ముందు చూసింది మీ అక్క, పేరు ఆవిడకే పోతుంది. ఆవిడే గనక వెనక్కి తీసుకుంటే' అన్నారు."

"తీసుకుంటే?"

"వెనక్కి తీసుకున్నాక ఎవరు చూస్తే వాళ్ళదే పేరు. మన దగ్గర పద్ధతి అదేగా."

"ఆ పద్ధతి నీకు నేర్పింది నేనే."

"అవును."

"నవ్వుతూ చేశావే ఆ ఫోను! 'తుమ్మింది' అని పకపకా నవ్వావు. నేనూ నవ్వాను నీతోపాటు."

"నవ్వకపోతే ఏడ్చేసేదాన్ని."

"ఏడవాల్సింది! ఏడిస్తే తెలిసేది కదే నాకు!"

"నీకేం, నువ్వెప్పుడూ అక్కవే. నేనేం చేసినా 'ఫలానా ఆవిడ చెల్లెలు'. కనిపెట్టడం నీ వంతు, గంగిరెద్దులా తలాడించడం నా వంతు. ఒక్కటి, ఒక్కటంటే ఒక్కటి నాది అనిపించుకోవాలని..."

"అడిగితే ఇచ్చేదాన్ని కాదూ? నీ పేరే ముందు పెట్టేదాన్ని!"

"అదే. ఇచ్చేదానివి. నువ్విస్తే అది నాదెలా అవుతుంది?"

"అందుకని తోడబుట్టినదాన్ని గుడ్డిదాన్ని చేస్తావా? నా చూపే పోయిందనుకున్నానే! కళ్ళ డాక్టరు దగ్గరికి కూడా వెళ్ళాను."

"తెలుసు."

"తెలియకేం! తోడొచ్చింది నువ్వేగా. ఆ బల్ల మీద నా చెయ్యి పట్టుకుని కూర్చున్నావు. 'వయసక్కా, అందరికీ వచ్చేదే' అన్నావు. ఆ డాక్టరు కళ్ళు బాగానే ఉన్నాయంటుంటే నీ మొహం ఎటు తిప్పుకున్నావే అప్పుడు?"

"చాలక్కా."

"చాలదు! పరాయివాళ్ళు గొంతు కోస్తే నొప్పే తెలుస్తుంది. నువ్వు కోస్తుంటే నేను మెడ వంచి ఇచ్చాను. ఛీ, నిన్నని ఏం లాభం, నా బుద్ధికి ఉండాలి."

"కొట్టు. పోనీ తిట్టు. ఏదో ఒకటి చెయ్యి."

"దానికి తీరిక లేదు నాకు. లే. ఆ పెట్టె విప్పు. కెమెరా బయటికి తియ్యి. కమిటీ ముందు నేనేం మాట్లాడను, చెవులాయన్నే ఫోన్లో మాట్లాడిస్తాను. నీ సంగతి చెప్పాలో వద్దో దారిలో ఆలోచించుకుంటాను. ముందు ఈ చిన్నదాన్ని దక్కించుకోవాలి. నా చెప్పులేవీ? కదలవేం? తలుపు దగ్గర్నించి తప్పుకో."

"అక్కా."

"దారివ్వు బుల్లీ, ఆలస్యమవుతోంది."

"కమిటీ ఇవాళ కాదక్కా."

"ఏమిటీ?"

"నిన్న. నిన్ననే అయిపోయింది. నువ్వొస్తే ఆ ఫోటోల మాట ఎత్తుతావని ఇవాళని చెప్పాను. దీన్ని మూసేస్తున్నారు. సాయంత్రం లారీ వస్తుంది. అందాకా నిన్ను ఇక్కడే కూర్చోబెట్టాలని..."

"నేను రాలేదేమని ఎవరూ అడగలేదా?"

"నీ బదులు నేను వెళ్ళాను."

"ఏం చెప్పావు?"

"వారం నించి నువ్వు నా దగ్గర ప్రాక్టీసు చేస్తున్నదే. తప్పంతా నాది, నన్ను పంపించెయ్యండి అని నువ్వన్నట్టుగా, ఒక్క ముక్క పొల్లుపోకుండా చెప్పాను. నీ నిజాయితీకి అందరూ లేచి నిలబడి చప్పట్లు కొట్టారక్కా."