ఒక్క రింగు

మళ్ళీ అదే మాట అంటారేంటండీ సత్యప్రసాద్ గారూ? మీ కంపెనీ సిగ్నల్ బాగానే ఉందట, మా సెల్‌ఫోన్లే మంచివి కావట. రాజమండ్రిలో ఫోన్లన్నీ కూడబలుక్కుని పాడయ్యాయి కాబోలు. కాఫీ తాగండి, చల్లారిపోతోంది.

కాకినాడ నించి కారేసుకుని మా ఇంటికి వచ్చారు, సంతోషం. వినియోగదారుల సంఘం కార్యదర్శి ఇల్లు ఇలాగే ఉంటుంది. ఆ కుర్చీలో కాగితాలు కింద పెట్టేసి సరిగ్గా కూర్చోండి.

కేసేంటో మీకు తెలియందా? మాట్లాడుతుండగా మీ లైను తెగుతుంది. మళ్ళీ చేస్తే మళ్ళీ మొదటి నిమిషానికి డబ్బు. తెంపేది మీరు, కట్టేది మేము. మా అరటి వ్యాపారి అచ్చిబాబు గారు వినియోగదారుల ఫోరంలో జడ్జి గారి ముందే అన్నారు కదా, 'అయ్యా, నేను గెల చేతికిచ్చి, సగం దారిలో లాక్కుని, మళ్ళీ మొదటినించీ డబ్బు కట్టమంటే నన్ను అక్కడే తంతారండి' అని. అందరూ నవ్వారు. మీ లాయరు గారు కూడా నవ్వారు, నేను చూశాను.

మీ రేట్లు చూసే కదండీ, మా జనం మాట్లాడటం మానేసి రింగులు నేర్చుకుంది? సాయంత్రం మా వీధిలో నిలబడి వినండి. ఈ ఇంట్లో ఒక రింగు, ఆ ఎదురింట్లో ఒక రింగు. ఎవరూ లేవరు. గోదావరి లంకలో పొలానికి వెళ్ళినాయన చేరాడన్నమాట. ఊరెళ్ళిన కోడలు పుట్టింటికి చేరిందన్నమాట. ఒక్క రింగంటే చేరాను అని. ఎత్తకూడదు. ఎత్తితే అవతలివాళ్ళకి డబ్బు పోతుంది. పొరపాటున ఎత్తితే, 'ఎందుకెత్తావు, అంత తొందరేంటి' అని చీవాట్లు కూడాను.

మా ఆయన సంగతి మీకు చెప్పే పంపి ఉంటారు. పంపుసెట్లు బిగించే పని. జంగారెడ్డిగూడెం అవతల పామాయిల్ తోటలకి మోటార్ సైకిల్ మీద వెళ్ళేవారు. అక్కడి ఊళ్ళోకి చేరగానే సెల్ నించి మా ఇంటి ఫోనుకి ఒక్క రింగు.

ఆ రోజు వాన. దీపాలు పెట్టే వేళకి ఒక్క రింగు వచ్చింది, ఆగింది. చేరారనుకున్నాను. చారు కాచుకుని అన్నం తిన్నాను. పడుకున్నాను. నిద్ర కూడా పట్టింది.

మర్నాడు జీడితోటలో పనికి వెళ్ళేవాళ్ళు చూశారట. ఊరు దాటాక, తోటల దారిలో, కల్వర్టు కింద. మీద బండి. ఫోను చేతిలోనే ఉంది.

ఎత్తలేదని ఏడవనండి. ఎత్తకూడదన్నది మా ఇద్దరి ఒప్పందం, దాని ప్రకారమే నడుచుకున్నాను. కానీ ఒక్కటి అంతుబట్టదు. ఊళ్ళోకి చేరి, రింగిచ్చి, ఆ తర్వాత తోటకి వెళ్తూ పడ్డారా? లేకపోతే వానలో ఊళ్ళో ఆగకుండా వెళ్ళిపోయి, పడ్డాక కల్వర్టు కింద నించే నన్ను పిలిస్తే, ఒక్కసారి మోగగానే మీ లైను తెగిందా?

రెండిటికీ చప్పుడు ఒకటేనండి.

ఇప్పటికీ ఏ ఇంట్లో ఫోను ఒక్కసారి మోగి ఆగినా, నా చేతిలో గరిటె ఉంటే గరిటె, పెన్ను ఉంటే పెన్ను, అక్కడే ఆగిపోతుంది. రెండోది మోగుతుందేమోనని చూస్తాను. మోగదు.

ఇప్పుడు మీరొచ్చి, ఆ కాల్ వివరం హైదరాబాదు ఆఫీసులో ఉందంటున్నారు. ఆయన కట్ చేశారో, మీ టవరు కట్ చేసిందో చెప్పిస్తారట. మాణిక్యాంబ గారు, అంటే నేను, కేసు వెనక్కి తీసుకుంటే. ఇన్నాళ్ళూ అడిగితే లేదన్నారే? సరే లెండి. బేరంలో మీరు అచ్చిబాబు గారిని మించారు.

ఒప్పేసుకుందామనే ఉందండి, అబద్ధమెందుకు. మీరు గుమ్మంలో చెప్పులు విప్పుతున్నప్పటి నించీ ఉంది. సంఘం వాళ్ళకి ఏదో ఒకటి చెప్పొచ్చు. కొన్నాళ్ళు తిట్టుకుని ఊరుకుంటారు. జనం మళ్ళీ తెగిన లైన్లకి డబ్బు కట్టుకుంటారు. నాకు మాత్రం నిద్ర పడుతుంది.

ఉండండి, మోగుతోంది. ఎత్తకండి.

ఒక్కటే. మా అమ్మాయి లావణ్యదండి. కాకినాడలో ఇంజనీరింగ్ చదువుతోంది, మధ్యాహ్నం బస్సుకి వెళ్ళింది. వాళ్ళ నాన్న సెల్లే దానికిచ్చాను. హాస్టల్‌కి చేరాక ఒక్క రింగు ఇమ్మన్నాను.

కానీ నేనిప్పుడు రింగుతో ఊరుకోను. వెంటనే తిరిగి చేస్తాను. గొంతు విని పెట్టేస్తాను. 'ఏంటమ్మా, డబ్బు దండగ' అని విసుక్కుంటుంది. విసుక్కోనీండి. ఒక్క నిమిషం.

ఇదుగో, మీరే వినండి. రిసీవరు చెవికి పెట్టుకోండి, పరవాలేదు, మీ కంపెనీ రికార్డులో మాట్లాడే అమ్మాయే. 'మీరు పిలుస్తున్న వినియోగదారుడు ప్రస్తుతం కవరేజ్ ప్రాంతంలో లేరు.' ఎంత మర్యాదగా చెబుతుందండీ.

కాకినాడ నడిబొడ్డున హాస్టలు. అక్కడా సిగ్నల్ బాగానే ఉందని కదా ఇందాక అన్నారు?

ఇంకా బస్సులోనే ఉందేమో అంటారా? బస్సులో ఉంటే రింగెందుకు ఇస్తుందండీ?

కూర్చోండి. ఎక్కడికి లేస్తారు? మా ఆయన రింగు సంగతి హైదరాబాదులోనే ఉండనివ్వండి. ఇప్పుడు మోగిందే, దీని సంగతి చెప్పండి. అది కట్ చేసిందా, మీరు కట్ చేశారా?

తెలీదు కదా. నాకూ తెలీదు.

మంగళవారం ఫోరంలో కలుద్దాం, నేను వస్తాను. ఈలోగా మళ్ళీ మోగేదాకా నాతోపాటు మీరూ కూర్చోండి. ఆ కాఫీ ఇలా ఇవ్వండి, వేడి చేసి తెస్తాను.