వీరవేణి కోళ్లూ, లక్ష్మణరావు విమానమూ

యానాం ఫరంపేటలో ఫిలోమినా టీ కొట్టు దగ్గర లక్ష్మణరావు నోరు విప్పాడంటే వినేవాళ్లు రెండో టీ చెప్పుకోవాల్సిందే. ఆ పూట బల్ల చివర వీరవేణి కూర్చుని ఉండేసరికి ఆయన గొంతు ఇంకాస్త పెరిగింది. పోయిన నెల యుద్ధ విమానాలు ఇళ్లమీదుగా మరీ కిందకొచ్చి ఎగిరినప్పుడు, ఆమె షెడ్డులో కోళ్లు బెదిరి, ఒక మూలకి చేరి, ఒకదాని మీద ఒకటి పడి ఊపిరాడక మూడొందలు చచ్చాయి. నష్టపరిహారం వస్తే మళ్లీ కోడిపిల్లల్ని తెచ్చుకుందామని ఆమె ఆశ. ఆ అర్జీ ఇచ్చొచ్చే పని తన నెత్తినేసుకున్నది లక్ష్మణరావే.

"ఆ రోజు నేను మేడెక్కి తువ్వాలు ఊపానండి. విమానం కాస్త పక్కకి తిరిగింది" అని మొదలెట్టాడు. అక్కడితో ఆగినా బాగుండేది. "ఆ తర్వాత ఏమైందో తెలుసా? రెండోసారి ఇంకా కిందకొచ్చాడు. కొబ్బరికాయలు దింపే దోటి తీసి, రెక్కకి తగిలించి ఒక్క లాగు లాగాను."

"దోటి విరగలేదాండి?" అన్నాడు పక్కనే టీ తాగుతున్న ఉమామహేశ్వరం.

"మా తాత చేయించిన దోటండి, విరుగుద్దా? విమానం అలా గాల్లో వేలాడతా ఉంటే, పైలట్టు తలుపు తీసి తప్పయిపోయింది గురువుగారూ అన్నాడు. మా ఆవిడ మేడ మీంచే టీ అందించింది. పంచదార తక్కువైందన్నాడు, అది వేరే సంగతి. ఇంతలో ఢిల్లీ నుంచి ఫోను. ఒక విమానం మీరు పట్టేసుకుంటే సరిహద్దెవరు చూస్తారండీ అని పెద్దాఫీసరు ఒకటే ఏడుపు. యానాం కోళ్లన్నిటికీ పరిహారం ఇస్తేనే వదులుతానన్నాను."

అందరూ నవ్వారు. వీరవేణి మాత్రం గ్లాసు పక్కన పెట్టింది.

"పొద్దున్న మన యానాం ఆఫీసుకెళ్లానండి అన్నయ్యగారూ. గడువు మొన్నటితో అయిపోయిందంట. నా కాయితం అసలు రానేలేదంటున్నారు."

లక్ష్మణరావు కాకినాడ ఆఫీసులో తనకి తెలిసినవాళ్లున్నారని గొప్పకి పోయి అర్జీ అక్కడిచ్చాడు. కాకినాడ ఆంధ్రాదని, యానాం పుదుచ్చేరి కిందకొస్తుందని ఇక్కడ పుట్టి పెరిగినవాడికి తెలియక కాదు, ఆ గొప్పలో గుర్తు రాలేదు.

"కాకినాడలో ఇచ్చానమ్మా. ఇది మాది కాదు, యానాంలో ఇచ్చుకోండని తిప్పి పంపేశారు. అప్పటికింకా నాలుగు రోజులు గడువుంది. నీకు చెప్పడానికి సిగ్గేసింది" అన్నాడు తలొంచుకుని.

ఆమె తిట్టినా బాగుండేదనిపించింది ఆయనకి. వీరవేణి తిట్టలేదు.

"చెప్పుంటే నేనే నడిచెళ్లి ఇచ్చుకునేదాన్ని కదండీ" అంది.