అరగని పటిక

ఏంటమ్మా, అలా చూస్తున్నావు? గవద కిందా? రక్తమా? ఓహో, అదా. పొద్దున గీసుకున్నప్పుడు తెగి ఉంటుంది. అప్పట్నుంచీ ఉందన్నమాట. చెప్పేవాళ్ళెవరు, ఈ గదిలో ఉన్నది నేనూ ఆ గోడగడియారమూను, అదీ ఆగిపోయింది. నవ్వకు. తాతకీ మనవడికీ ఒకే కుర్చీలో గడ్డం గీసిన చెయ్యి ఇది, ఒక్కడికి గాటు పెట్టి ఎరగను. నా గడ్డం దగ్గరికొచ్చేసరికి మాత్రం వణుకుతుంది. ఆ గూట్లో పటిక ముక్క ఉండాలి చూడు... వద్దులే, కూర్చో, తర్వాత చూద్దాం. ముందు ఆ ఫోటో ఇలా ఇవ్వు. బాక్సింగ్ క్లబ్బుకి కొత్త కోచ్ వచ్చింది, ఆడపిల్ల, మహా గట్టిది అని మీ ప్యూన్ చెప్పాడు. వాడికి గడ్డం గీసేది నేనే. అంటే, గీసేవాణ్ణి.

ఊఁ. ఇదే తెస్తావనుకున్నాను. కనుబొమ్మ చీలి, సగం మొహం రక్తం, రెండు చేతులూ పైకెత్తి. గొప్పవాళ్ళ గోడ మీద మీ కమిటీ పెడతానన్నది దీన్నేనా? ఇన్నాళ్ళూ వాడికి అక్కడ చోటు లేదు తల్లీ. ఒక్కసారి కూడా ఓడనివాడికి చోటు లేదు. ఓడినవాళ్ళు ఉన్నారు, వాడి చేతిలో ఓడినవాళ్ళూ ఉన్నారు, వాడు లేడు. ఎందుకయ్యా అంటే, 'తెగింపు లేనివాడండీ' అనేవాళ్ళు. ఇప్పుడెవరో ఈ ఫోటో తవ్వి తీస్తే, 'అరె, వీడికీ గుండె ఉందే' అనుకున్నారన్నమాట. సంతోషం. దీని కింద ఏం రాయాలో అడిగి రమ్మని నిన్ను పంపారు. చెప్తాను. కానీ సూటిగా చెప్పడం నాకు చేతకాదు, మంగళవారం సంగతి అడిగితే ఆదివారం నుంచి మొదలుపెడతానని మా ఆవిడ అనేది. ఓపికుంటే విను.

వాణ్ణి ఊళ్ళో అద్దం అనేవాళ్ళు. ముద్దుకి కాదు, ఎగతాళికి. 'ముట్టుకోకండ్రోయ్, పగిలిపోతాడు' అని వెనక బెంచీలవాళ్ళు కేకలు. వాడి ఆట అలాంటిది మరి. ఎడం చెయ్యి చాచి ఒక్కటి అంటించేవాడు, ఎదుటివాడు తేరుకునేసరికి అక్కడ ఉండేవాడు కాదు. మళ్ళీ ఒకటి. మళ్ళీ లేడు. అవతలివాడు ఈగని తోలుకుంటున్నట్టు చేతులు ఊపి ఊపి అలిసిపోయేవాడు. చివరికి వీడి చెయ్యి ఎత్తేవాళ్ళు, జనం ఆవలించుకుంటూ లేచి చెప్పులు వెతుక్కునేవాళ్ళు. కుడిచేతిలో బలం లేక కాదు. ఇసక సంచీ మీద ఆ చెయ్యి పడితే పైన దూలం కిర్రుమనేది. కానీ కుడిచెయ్యి పూర్తిగా వదలాలంటే ఒక్క క్షణం మన మొహం ఎదుటివాడికి ఇవ్వాలి కదా, నీకు నేను చెప్పాలా. ఆ క్షణం వాడు ఎవ్వడికీ ఇవ్వలేదు. నేను రింగు పక్కన వాడి మూలలో ఉండేవాణ్ణి, నీళ్ళసీసా, తువ్వాలు, పటికముక్క పట్టుకుని. గాట్లకి రక్తం ఆపడం తెలిసినవాడు కావాలని నన్ను పెట్టారు. ఏం ఆపాలి? అవతలి మూలవాళ్ళ పటిక సబ్బుబిళ్ళలా అరిగిపోతుంటే, నాది కొట్లో కొన్ననాటి అంచులతోనే ఉండేది. ఈ సామాను సంచీ మోయడానికి నేనెందుకురా, గాడిద చాలదా అని వాణ్ణి వేళాకోళం చేసేవాణ్ణి. 'గాడిద వింటుంది బావా, నువ్వు వాగుతావు, అది నాకు కాలక్షేపం' అనేవాడు.

బావా అని ఎందుకంటే, మా అక్కని ఇచ్చింది ఆ ఇంట్లోనే. వాళ్ళ అన్నకి. అక్క ఎంతోకాలం బతకలేదు, పిల్లలూ లేరు. ఆ అన్నదమ్ములిద్దరూ మిగిలారు, రెండు గదుల ఇల్లు, సరిగ్గా నా షాపుకి ఎదురుగా. కిటికీలోంచి చూడు, ఇప్పుడు ఫోన్ల కవర్లు అమ్ముతున్నారే, అదే. మా పెద్దబావ ఫోటో మీ గోడ మీద నట్టనడిమిన ఉంది, చూసే ఉంటావు. గునపం అనేవాళ్ళు. ఆయనది ఇంకో ఆట. రెండు తిని ఒకటి ఇచ్చేవాడు, ఆ ఒక్కటితో అవతలివాడు పడుకునేవాడు. అబ్బో, ఆయన ఆడుతున్నాడంటే నా షాపులో కత్తి పట్టుకునే నాథుడు ఉండేవాడు కాదు, నాతో సహా. జనం భుజాల మీద ఇంటికి తెచ్చేవాళ్ళు. తెచ్చినవాళ్ళు గుమ్మం దగ్గర దించి వెళ్ళిపోయేవాళ్ళు. లోపల జరిగేది వాళ్ళు చూడలేదు. మా అక్క చూసింది, తర్వాత నేను చూశాను. ముందు బొత్తాలు పెట్టుకోవడం రాకుండా పోయింది. తర్వాత మాట ముద్దగా రావడం మొదలైంది. తర్వాత ఒక కన్ను, ఆ వెనకే రెండోది. గోడ మీద ఫోటోలో ఎంత బాగుంటాడో. నేను ఆ ఫోటో చూడ్డానికి క్లబ్బుకి రాను.

అద్దం గొప్పవాడా కాదా అని నా షాపులో ఎప్పుడూ వాదనే. దర్జీ ఒకడు ఉండేవాడు, సగం మొహానికి నురగతో లేచి కూర్చుని మరీ అనేవాడు, 'ఈత రానివాడు ఏట్లో దూకితే తెగింపు. గజఈతగాడు దూకితే అది స్నానం. ఈ అద్దంగాడు రోజూ స్నానం చేసి వస్తున్నాడు, దానికి దండలెందుకు?' అని. పోస్టుమాన్ ఒప్పుకునేవాడు కాదు, 'దెబ్బ తినకుండా కొట్టడమే కదయ్యా ఆట, తినేవాడిదే గొప్పయితే ఇసక సంచీకి వెయ్యి దండలు' అనేవాడు. కత్తి నా చేతిలో ఉండబట్టి ఇద్దరూ కొంచెం మెల్లగానే అరుచుకునేవాళ్ళు. అంతా మావాడికి ఎదురింట్లోకి వినపడేది. పెద్ద ఊరి ఛాంపియన్ ఒకడు, సుత్తి అని పేరు, తనతో ఆటకి రమ్మని మళ్ళీ మళ్ళీ కబురు పెట్టాడు. వీడు ఒప్పుకోలేదు. ఒకసారి షాపు మూసే వేళకి వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. గడ్డం లేదు, ఏమీ లేదు, ఊరికే. 'బావా, వాళ్ళనేది నిజమేనా? నేను గొప్పవాణ్ణి కానా?' అన్నాడు, అద్దంలోకి చూస్తూ. ఎప్పుడూ నవ్వే మనిషి. వాడికీ ఉందమ్మా ఆశ. భుజాల మీద ఊరేగాలని వాడికీ ఉంది.

మరెందుకు ఒప్పుకోలేదంటావా? అదే చెప్తున్నా. ఆట అయిపోగానే వాడు నేరుగా ఇంటికి వెళ్ళేవాడు. ముందు గదిలో మంచం మీద పెద్దబావ కూర్చుని ఉండేవాడు. వీడు వెళ్ళి ఆయన కాళ్ళ దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని మొహం ముందుకి పెట్టేవాడు. ఆయనకి కళ్ళు లేవు కదా, చేతులతో చూసేవాడు. ఆ వణికే వేళ్ళతో కనుబొమ్మలు, ముక్కుదూలం, దవడలు, పెదాలు, చెవుల వెనక కూడా. వీడు ఊపిరి బిగబట్టి ఉండేవాడు, ఏ రింగులోనూ అంత భయంగా లేడు. అంతా తడిమి, 'ఊఁ, కంచాలు పెట్టండి' అనేవాడు ఆయన. అప్పుడు ముగ్గురం తినేవాళ్ళం. ఒక్కసారి, ఒకే ఒక్కసారి, ఎడమ కంటి పైన చిన్న బొప్పి దొరికింది. రేగిపండంత. ఆయన తిట్టలేదు. గోడ వైపు తిరిగి పడుకున్నాడు. ఆ పూట తినలేదు, మర్నాడూ తినలేదు. వీడు కంచం పట్టుకుని మంచం పక్కన అలాగే కూర్చున్నాడు, 'అన్నయ్యా, ఇంక తగలనివ్వను, ఇంక తగలనివ్వను' అని. మాటంటే మాట. ఆ తర్వాత తగలనివ్వలేదు. ఊరంతా పిరికివాడన్నా సరే, తగలనివ్వలేదు. దీన్ని తెగింపు అనకపోతే మానె, నాకు వేరే మాట తెలీదు.

వానలు వెనకబడ్డ ఏడు, పెద్దబావ పోయాడు. నిద్రలోనే. అందరూ వచ్చారు, గునపం గొప్పవాడన్నారు, వెళ్ళిపోయారు. కొన్నాళ్ళకి వీడు క్లబ్బుకి పోయి, 'సుత్తిని పిలవండి' అన్నాడు. ఊరు ఊరంతా లేచి కూర్చుంది. దర్జీ షాపు మూసేసుకుని పొద్దున్నే పోయి ముందు బెంచీ పట్టుకున్నాడు. గంట కొట్టగానే చూస్తే, వీడి చేతులు కిందకి ఉన్నాయి. నడుచుకుంటూ పోతున్నాడు సుత్తి మీదకి, వీధిలో తెలిసినవాడు కనపడితే పోయినట్టు. ఒకటి పడింది. ఇంకోటి పడింది. కనుబొమ్మ చీలింది. మూలకి వచ్చి స్టూలు మీద కూర్చుంటే, పటిక తీసి అద్దుతూ, 'ఏం చేస్తున్నావురా, చేతులెత్తు' అన్నాను. వాడు నా వైపు తిరిగి, ఎంతో మామూలుగా అడిగాడు.

'ఇంటికెళ్తే ఎవరు చూస్తారు బావా?'

గంట కొట్టారు. వాడు వెళ్ళి, ఇన్నేళ్ళూ దాచిన కుడిచెయ్యి వదిలాడు, మొహం ఇచ్చి మరీ వదిలాడు. సుత్తి పడ్డవాడు పడ్డట్టే ఉన్నాడు. పైకప్పు ఎగిరిపోయినంత గోల. దర్జీ ఏడుస్తున్నాడు, 'అదీ, అదీ గొప్పతనమంటే' అని. నువ్వు తెచ్చిన ఈ ఫోటో అప్పటిదే. కింద ఓ మూల తువ్వాలు పట్టుకున్న చెయ్యి కనపడుతోందా, అది నాది. భుజాల మీద తెచ్చారు వాణ్ణి, గుమ్మం దగ్గర దించారు, వెళ్ళిపోయారు. వాళ్ళ అన్నకి చేసినట్టే. నేను సంచీ పట్టుకుని వెనకే లోపలికి వెళ్ళాను. పరుపు చుట్టేసిన ఆ మంచం దగ్గర వాడు మోకాళ్ళ మీద కూర్చుని మొహం ముందుకి పెట్టి ఉన్నాడు. అలవాటు చొప్పున పోయాడో, ఏమనుకుని పోయాడో. లేవడు. నేనే వెళ్ళి మంచం మీద కూర్చుని, ఆయనలాగే మొహం తడిమాను. అంత బొప్పి, అంత వాపు. కాసేపు ఉండనిచ్చి, మెల్లగా నా చేతులు తీసేసి, 'నీకు కళ్ళున్నాయిగా బావా' అన్నాడు. కోపంగా కాదు. కంచం పెట్టాను, ముట్టుకోలేదు. గోడ వైపు తిరిగి పడుకున్నాడు. మళ్ళీ గ్లౌజులు తొడగలేదు. గోడౌన్‌లో కాపలా పని చేశాడు, కొన్నేళ్ళకి వాడూ పోయాడు. ఆ ఇంటి తాళంచెవి చాలాకాలం నా దగ్గరే ఉంది, తీసి చూడ్డానికి లోపల ఏముంది గనక.

కాబట్టి మీ కమిటీకి చెప్పు. ఇందులో ఉన్నది తెగింపు కాదు తల్లీ. ఎవరూ లేకపోవడం. ఎవరూ లేనివాడు ఎంతకైనా తెగిస్తాడు, అందులో గొప్పేముంది. పెట్టేటట్టయితే ఇదుగో, ఈ దిండు కింద ఉన్న వాడి ఇంకో ఫోటో పెట్టండి. అవును, ఇదే. చేతులు మొహానికి అడ్డంగా ఉన్నాయి, కళ్ళు మాత్రం కనపడతాయి. ఒక్క గీత లేదు చూడు. చూసేవాళ్ళకి ఇందులో ఏమీ లేదంటావా? నిజమే, ఏమీ లేదు. ఏమీ కాకుండా ఇంటికి పోవాలనే వాడి తాపత్రయం. కింద ఏం రాస్తారో మీ ఇష్టం, రాయకపోయినా సరే. వాళ్ళన్న పక్కన మాత్రం పెట్టమను. పెద్దబావ చెయ్యి అందేటంత దగ్గరగా... ఏమోలే, ఫోటోలకి చేతులేంటి, నా మాట పట్టించుకోకు.

వెళ్తావా? సరే, పొద్దుపోతోంది, నీకూ పనులుంటాయి. గూట్లో పటిక ఉందన్నానే, అది ఇలా ఇచ్చి వెళ్ళు. ఒక పక్క అరిగి ఉంటుంది, అదే. తడిపి ఇవ్వు. ఇంకా వస్తోందా రక్తం? ఎడమ పక్కన, గవద కింద. అంత దూరం నుంచి ఏం తెలుస్తుంది, ఇలా దగ్గరికి రా. కళ్ళతో కాదమ్మా. వేలు పెట్టి చూడు.